రీరైట్ రూల్ పనిచేయట్లేదా? రూల్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

రూల్ రాశారు, ఏమీ జరగడం లేదు

రీరైట్ రూల్ అంటే వచ్చిన వెబ్ అడ్రస్‌ని ఇంకో అడ్రస్‌గా మార్చమని సర్వర్‌కి చెప్పే లైన్. అందులో తప్పులు వెతకడం ఆపండి. వెబ్ సర్వర్ అపాచీ అసలు మీరు రూల్ రాసిన డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని (.htaccess, ఒక ఫోల్డర్‌కి పెట్టే సెట్టింగ్స్ ఫైల్) చదువుతోందా? మొదటి లైన్లో ఏదో ఒక పిచ్చి మాట కొట్టి పేజీ తెరవండి. 500 ఎర్రర్ (సర్వర్ లోపం) వస్తే చదువుతున్నట్టే. పేజీ మామూలుగా వస్తే చదవట్లేదు, మెయిన్ కాన్ఫిగ్‌లో అలవ్‌ఓవర్‌రైడ్ (AllowOverride, ఈ ఫైల్‌ని ఎంతవరకు పట్టించుకోవాలో చెప్పే సెట్టింగ్) ‘నన్’ అని ఉండి ఉంటుంది. అపాచీ 2.4లో డిఫాల్టే అది. ఆ డైరెక్టరీకి రీరైట్ రూల్స్‌ని అనుమతించే ‘ఫైల్‌ఇన్ఫో’ (FileInfo) ఇచ్చి అపాచీని రీలోడ్ చేయండి. అర నిమిషం పని ఇది, అయినా ఎవరూ చేయరు.

ఫైల్ చదువుతున్నా రూల్ తగలకపోతే ప్యాటర్న్ (రూల్‌లో అడ్రస్‌తో పోల్చే భాగం) మొదట్లో స్లాష్ ఉందేమో చూసి తీసేయండి. ఈ ఫైల్లో పోల్చే పాత్‌కి ముందు స్లాష్ ఉండదు.

బ్రౌజర్ ‘టూ మెనీ రీడైరెక్ట్స్’ అంటోంది

ఇదే అసలు టెన్షన్ పెట్టేది. రెండు రూల్స్ ఉంటాయి. ఒకటి అడ్రస్‌లో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ కనిపిస్తే దాన్ని తీసేసి, ‘అడ్రస్ శాశ్వతంగా మారింది’ అని చెప్పే 301తో బ్రౌజర్‌ని పంపుతుంది. రెండోది ఏ అడ్రస్ వచ్చినా లోలోపల అదే ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీకి మళ్లిస్తుంది. రెండిటికీ చివర ‘ఇక్కడితో ఆపు’ అనే ఎల్ ఫ్లాగ్ ([L]) ఉంది కదా, ఇంక గొడవేంటి అనిపిస్తుంది.

ఎల్ ఆపేది ఆ ఒక్క రౌండ్‌నే. ఈ ఫైల్లో పాత్ మారగానే అపాచీ రూల్స్‌ని మళ్లీ మొదటి నుంచి నడుపుతుంది. రెండో రూల్ చేర్చిన ఇండెక్స్ పేరు ఈసారి మొదటి రూల్ కంటపడుతుంది, అది 301 కొడుతుంది, బ్రౌజర్ మళ్లీ వస్తుంది. విడివిడిగా చూస్తే రెండు రూల్సూ కరెక్టే, అందుకే తప్పు దొరకదు.

ఎల్ బదులు ‘ఎండ్’ ([END]) పెట్టమంటారు చాలామంది. అది రౌండ్లను ఆపుతుంది గానీ, హోమ్ పేజీకి ఇండెక్స్ ఫైల్‌ని తగిలించేది డైరెక్టరీఇండెక్స్ (DirectoryIndex) అనే వేరే సెట్టింగ్, ఆ దారిలో లూప్ మిగిలే ఉంటుంది. గట్టి మందు మొదటి రూల్‌కి ముందు ఒక రీరైట్‌కాండ్ (RewriteCond, రూల్‌కి పెట్టే షరతు): ‘ద_రిక్వెస్ట్’ (THE_REQUEST)లో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ ఉంటేనే రూల్ నడవాలి. అందులో బ్రౌజర్ పంపిన లైన్ ఉన్నదున్నట్టు ఉంటుంది, లోపల ఎన్ని మళ్లింపులు జరిగినా మారదు. ఈ షరతు దాని కిందనే ఉన్న ఒక్క రూల్‌కే వర్తిస్తుంది, మధ్యలో ఇంకేదీ దూర్చకండి.

సరిచేశాక కూడా లూప్ కనిపిస్తే పాత 301 బ్రౌజర్ క్యాష్‌లో (దాచుకున్న కాపీల్లో) ఉండి ఉంటుంది. కర్ల్‌తో (curl, కమాండ్ లైన్ నుంచి పేజీ అడిగే టూల్) చూడండి. టెస్టింగ్ అయ్యేదాకా 301 బదులు తాత్కాలిక రీడైరెక్ట్ అయిన 302 వాడండి.

మిగతావి

ప్యాటర్న్‌లో క్వెరీ స్ట్రింగ్ (అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగం) వెతకడం (అది అక్కడ ఉండదు) లాంటివి అరుదు. మెయిన్ కాన్ఫిగ్‌లోని లాగ్‌లెవెల్‌లో (LogLevel, లాగ్‌లో ఎంత వివరం రాయాలో చెప్పే సెట్టింగ్) ‘రీరైట్:ట్రేస్3’ (rewrite:trace3) పెడితే ఎర్రర్ లాగ్‌లోనే బయటపడతాయి. పని అయ్యాక తీసేయండి, లేకపోతే లాగ్ డిస్క్‌ని నింపేస్తుంది.