పాత కార్వెట్ మెత్తటి బంపర్: రంగు పగిలితే, ఊడితే ఏం చేయాలి?

1973 మోడల్ కార్లు గంటకు 5 మైళ్ల వేగంతో ముందువైపు గుద్దుకున్నా లైట్లు, ఇంధన వ్యవస్థ దెబ్బతినకూడదని అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది. ఆ ఏడాదే షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్ ముందున్న క్రోమ్ బంపర్ పోయి, బాడీ రంగు వేసిన యురేథేన్ (రబ్బరులా వంగే ప్లాస్టిక్) కవర్ వచ్చింది. 1974లో వెనక బంపరూ అలాగే మారింది. బాడీ ఏమో గట్టి ఫైబర్‌గ్లాస్. బంపర్ నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది. దాని మీది రంగు కూడా అలాగే వంగాలి.

సాలెగూడులా పగుళ్లు

దాదాపు ఎప్పుడూ కారణం పూత మందమే. పగులు పక్కన కొద్ది మేర 320 నంబరు గరుకు కాగితం, అంటే వాటర్ పేపర్‌తో రుద్ది చూడండి. పైరంగు, కింద పాత రంగు, ప్రైమర్, పుట్టీ వలయాలుగా బయటపడతాయి. పాత లాకర్ (పాతకాలపు గట్టి రకం రంగు), మామూలు పాలిస్టర్ పుట్టీ వంగవు, విరుగుతాయి. వాటిపై ఎంత ఖరీదైన రంగు వేసినా పగులు మళ్లీ పైకొస్తుంది.

కాబట్టి బంపర్ విప్పి, పాత పూతలన్నీ యురేథేన్ కనిపించేదాకా తీసేయాలి. రంగు ఊడదీసే కెమికల్ పూయకండి, అది యురేథేన్‌నే పాడు చేయొచ్చు. ముందు 180, తర్వాత 320 పేపర్‌తో ఓపిగ్గా రుద్దాలి. విసుగొచ్చే పనే, కానీ దగ్గరదారి లేదు. గుంటలకు ప్లాస్టిక్ బంపర్ల కోసమే అమ్మే ఫిల్లర్ వాడండి. ప్రైమర్‌లో, క్లియర్‌లో (పైన వేసే రంగులేని పూత) ఫ్లెక్స్ ఎడిటివ్‌ను (పూత వంగేలా చేసే ద్రవం) డబ్బా మీద రాసిన కొలతలోనే కలపండి. ఎక్కువ పోస్తే పూత సరిగా ఆరదు, మెత్తబడిపోతుంది. కోట్లు పలచగా ఉండాలి.

గోటితో గీస్తే యురేథేనే పొడిగా రాలుతుంటే రంగు ఖర్చు దండగ. బంపర్ మార్చేయండి.

పొరలుగా ఊడిపోవడం, చిన్న చిన్న గుంటలు

కొత్త బంపర్ అయితే అచ్చు నుంచి సులువుగా ఊడటానికి పూసే పదార్థం, పాతదైతే పాలిష్‌లోని సిలికాన్ కారణం కావచ్చు. చాలామంది ముందే రుద్దేస్తారు. అలా చేస్తే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. మొదట గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, తర్వాత జిడ్డు తీసే క్లీనర్, అప్పుడే పేపర్. రుద్దాక మళ్లీ క్లీనర్‌తో తుడవాలి.

బాడీ రంగుతో కలవకపోవడం

మెటాలిక్ రంగుల్లో ఇది ఎక్కువ. స్ప్రే గన్ ప్రెజర్, దూరం మారినా రంగులోని మెరుపు రేణువులు వేరేగా పరుచుకుంటాయి. అదే గన్‌తో, అదే మిశ్రమంతో ఒక అట్ట మీద కొట్టి, ఎండలో బాడీ పక్కన పెట్టి చూశాకే బంపర్ మీద వేయండి.

ఎగుడుదిగుడుగా అలలు

ఇది రంగు లోపం కాదు, ఏళ్ల తరబడి యురేథేన్ వంకరపోయింది. ఫైబర్‌గ్లాస్ బంపర్ బిగిస్తే తిన్నగా నిలుస్తుంది, ఫ్లెక్స్ ఎడిటివ్ అక్కర్లేదు. కానీ తగిలితే పగులుతుంది. ప్రదర్శనకే ఉంచే కారుకు అది చాలు. రోడ్డు మీద తిప్పే కారుకు మాత్రం నేను కొత్త యురేథేనే వేయమంటాను.