మెరిసే హాలోవీన్ దయ్యానికి ఏ గుడ్డ కొనాలి?

అక్టోబరు 31 రాత్రి హాలోవీన్ పండుగకు అమెరికాలో ఇళ్ల ముంగిట వేలాడదీసే దయ్యపు బొమ్మకు గుడ్డ ఎంచుకునే ముందు, వెలుగు లోపలి నుంచి రావాలా, బయటి నుంచి పడాలా అన్నది తేల్చుకోవాలి. లోపల ఎల్‌ఈడీ దీపాలు పెట్టేటట్లయితే వలలా పలుచగా నేసిన చీజ్‌క్లాత్ తగినది. దీనిలో 10వ గ్రేడు అతి పలుచన, 90వ గ్రేడు అతి దట్టం. పలుచని రకాన్నే రెండు పొరలుగా వాడితే వెలుగు మృదువుగా పరుచుకుంటుంది. చిక్కటి గంజిలో ముంచి బెలూను మీద ఆరబెడితే ఆకారం నిలుస్తుంది, అయితే వాన తగిలితే వాలిపోతుంది. కొవ్వొత్తిని మాత్రం లోపల ఎన్నడూ పెట్టకూడదు.

బ్లాక్‌లైట్ (అతినీలలోహిత కిరణాలు వెదజల్లే దీపం) కింద మెరవాలంటే లెక్క వేరు. తెల్లగా కనిపించే ప్రతి గుడ్డా మెరవదు. తెల్లదనం కోసం మిల్లులో ఆప్టికల్ బ్రైటెనర్లు కలిపిన గుడ్డే అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలి కాంతిని వెదజల్లుతుంది. బ్లీచ్ చేయని మస్లిన్ నూలు గుడ్డ పగలు ఎంత అందంగా ఉన్నా, ఆ దీపం కింద మసకగానే మిగిలిపోతుంది. అందువల్ల చిన్న బ్లాక్‌లైట్ టార్చిని దుకాణానికి తీసుకువెళ్లి, నీడపట్టున గుడ్డ మీద వేసి చూడడం మేలు. నిజానికి ఇంట్లోని పాత తెల్ల నూలు దుప్పటిని ముందు పరీక్షించాలి. చాలా డిటర్జెంట్లలో ఈ బ్రైటెనర్లే ఉంటాయి కనుక, ఉతికి ఉతికి అది కొత్త గుడ్డకంటే బాగా మెరవవచ్చు.