అమెరికాలో కొద్ది ఎకరాల అడవి ఉన్నవాళ్లు ఈక్విప్ సాయానికి అప్లై చేసే విధానం

జార్జియాలోనో, నార్త్ కరోలినాలోనో, టెక్సాస్‌లోనో పదో ఇరవయ్యో ఎకరాల చెట్ల భూమి కొని, అడవే కదా దానంతట అదే పెరుగుతుందిలే అని వదిలేసిన మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దయచేసి అలా వదిలేయకండి. ఒత్తుగా ఇరుక్కుని పెరిగిన పైన్ చెట్లను దగ్గరికెళ్లి చూడండి, చిటారున కాస్త పచ్చదనం తప్ప కింది కొమ్మలన్నీ ఎండిపోయి ఉంటాయి. అలా బలం తగ్గిన చెట్లకే సదరన్ పైన్ బీటిల్ అనే పురుగు పడుతుంది. వాటి కింద చైనీస్ ప్రివెట్ పొదలు కమ్ముకున్నాయంటే కొత్త మొక్క లేవడానికి వెలుతురే ఉండదు.

చెట్లు పలచన చేయడం, ఇలాంటి పొదలు తీయించడం, కొత్త మొక్కలు నాటడం, అగ్ని అడ్డుకట్ట దారులు వేయడం లాంటి పనులకు అమెరికా వ్యవసాయ శాఖ డబ్బు ఇస్తుంది. స్కీమ్ పేరు ఈక్విప్, నడిపేది ఆ శాఖలో నేల, నీరు, అడవి లాంటివి కాపాడే పనులు చూసే ఎన్ఆర్‌సీఎస్ అనే విభాగం. పంటలు పండించే రైతులకే అనుకుంటారు గానీ, ప్రైవేటు అడవి ఉన్న మామూలు మనుషులు కూడా అర్హులే.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మీకూ ఎన్ఆర్‌సీఎస్‌కూ మధ్య జరిగే కాంట్రాక్టు మీద రెండు వైపులా సంతకాలు అయ్యేదాకా పని మొదలుపెట్టొద్దు. ముందుగా రాతపూర్వక మినహాయింపు తీసుకోకుండా మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. కాంట్రాక్టర్ ఈ వారమే ఖాళీగా ఉన్నాడని తొందరపడితే మొత్తం ఖర్చు మీ మీదే పడుతుంది.

మొదటి ఫోన్ మీ రాష్ట్ర ఫారెస్ట్రీ విభాగానికి చేయండి. జార్జియాలో అయితే జార్జియా ఫారెస్ట్రీ కమిషన్, టెక్సాస్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్, వర్జీనియాలో డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫారెస్ట్రీ. మీ కౌంటీకి ఏ ఫారెస్టర్ (అడవుల నిపుణుడు) ఉన్నారో అడిగి, భూమి చూపించి, మేనేజ్‌మెంట్ ప్లాన్ గురించి మాట్లాడండి. ఏ పని ముందు చేయాలో తెలియకుండా అప్లికేషన్ పెట్టడం వల్ల లాభం లేదు. గేటు దగ్గరికొచ్చి చెట్లన్నీ కొనేస్తాను, ఇప్పుడే చెక్కు రాసిస్తానన్నవాళ్లకు మాత్రం ఫారెస్టర్‌ను అడగకుండా ఒప్పుకోవద్దు.

తర్వాత భూమి ఉన్న కౌంటీకి చెందిన యూఎస్‌డీఏ (అదే, అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీరుంటున్న ఊరిది కాదు, భూమి ఉన్న ఊరిది. అక్కడ ఎఫ్ఎస్ఏ అనే విభాగం మీ భూమికి ఫార్మ్ నంబర్ ఇస్తుంది. డీడ్ కాపీ, ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబర్, బ్యాంకు వివరాలు తీసుకెళ్లండి. నింపాల్సిన వాటిలో ముఖ్యమైనవి ఏడీ-1026, సీసీసీ-941. మొదటిది నేల కోత, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తామని ఇచ్చే హామీ. రెండోది ఆదాయానికి సంబంధించినది, మూడేళ్ల సగటు ఏజీఐ (ట్యాక్స్ రిటర్న్‌లో చూపే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) సాధారణంగా 9,00,000 డాలర్లు దాటకూడదు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఎల్ఎల్‌సీ పేరు మీద కొని ఉంటే సభ్యులందరి వివరాలతో సీసీసీ-901 కూడా కావాలి, కాబట్టి అందరినీ ముందే సిద్ధం చేసుకోండి.

ఇక్కడే ఇంకో విషయం, ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. మీరు హెచ్-1బీ మీద ఉండి, గ్రీన్ కార్డు ఇంకా రాకుండానే పది ఎకరాలకు మించి అడవి భూమి కొంటే, కొన్న 90 రోజుల్లోపు విదేశీయులు తమ భూమి వివరాలు తెలిపే ఎఫ్ఎస్ఏ-153 ఫారం ఇవ్వాలి. ఈక్విప్‌కు అప్లై చేసినా చేయకపోయినా సరే ఇది చట్టం. ఇవ్వకపోతే భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా వేయొచ్చు. ఇప్పటికే ఆలస్యమైతే టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆ ఆఫీసుకే వెళ్లి మాట్లాడండి.

ఇక అసలు అప్లికేషన్ ఎన్ఆర్‌సీఎస్-సీపీఏ-1200. ఏడాది పొడవునా తీసుకుంటారు గానీ, ఏటా ఏ తేదీలోపు వచ్చినవాటిని ఎంపికకు చూడాలో ఆ రాష్ట్రంలోని ఎన్ఆర్‌సీఎస్ ఆఫీసు నిర్ణయిస్తుంది, ఆ తేదీ అడిగి రాసుకోండి. అడవి సొంతంగా చూసుకోవడం మొదలుపెట్టి పదేళ్లు దాటకపోతే 'బిగినింగ్ ఫార్మర్' కింద అడగడం మర్చిపోవద్దు. మామూలుగా అంచనా ఖర్చులో 75 శాతం దాకా ఇస్తే, వీళ్లకు 90 శాతం దాకా ఇవ్వొచ్చు, సగం అడ్వాన్సుగా కూడా అడగొచ్చు. కాకపోతే ఆ అడ్వాన్సు 90 రోజుల్లో ఖర్చు పెట్టాలి, పేరుకే ఓనర్ అయితే చాలదు, పనుల్లో మీ పాత్ర నిజంగా ఉండాలి.

అధికారి వచ్చి భూమి చూసి ప్లాన్ వేస్తారు, తర్వాత అప్లికేషన్లకు ర్యాంకులు ఇస్తారు, ఎంపికైతే కాంట్రాక్టు. డబ్బు మీ బిల్లును బట్టి కాదు, ఆ రాష్ట్రానికి ఎన్ఆర్‌సీఎస్ ముందే నిర్ణయించిన రేటును బట్టి వస్తుంది, అదీ అడ్వాన్సు తీసుకుంటే అది పోను మిగతాది పని పూర్తయి వాళ్లు చూసి సరేనన్నాక. కాబట్టి కాంట్రాక్టర్ కొటేషన్‌ను ఆ రేటుతో ముందే పోల్చుకుని, తేడా ఎంత చేతి నుంచి పెట్టుకోవాలో లెక్క వేసుకోండి. వచ్చిన డబ్బుకు 1099-జీ అనే ట్యాక్స్ ఫారం వస్తుంది, ట్యాక్స్ చూసేవాళ్లకు చెప్పండి. కాంట్రాక్టు నడుస్తుండగా భూమి అమ్మాలనుకుంటే బేరం కుదరకముందే ఆఫీసుకు చెప్పాలి, లేకపోతే తీసుకున్నది తిరిగి కట్టమనొచ్చు.