శాక్సోఫోన్ స్వయంశిక్షణ – 6వ పాఠం: డి దాటి కిందికి

మధ్యస్థాయి జి (G) స్వరం నుంచి ఒక్కొక్క స్వరమే దిగుతూ అట్టడుగు బి-ఫ్లాట్ వరకు దీర్ఘస్వరాలు ఊదమని గత పాఠంలో చెప్పాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఇంచుమించు ఒకే ఇబ్బంది కనిపించింది. డి వరకు నిండుగా దిగిన నాదం సి దగ్గర గరగరలాడుతోంది, బి దగ్గర పై స్థాయికి ఎగిరిపోతోంది. కొందరు మరింత బలంగా ఊది చూశారు, మరికొందరు రెండున్నర నంబరు రీడు (మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే కంపించే పల్చటి పుల్ల) పక్కనబెట్టి, అంతకంటే గట్టిదైన మూడో నంబరు కొన్నారు. ఈ రెండూ వద్దు. ఈసారి మొదలుపెట్టవలసిన ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి మార్చే మీట) పాఠాన్ని వాయిదా వేసి, సి-షార్ప్, సి, బి, బి-ఫ్లాట్ అనే నాలుగు స్వరాల దగ్గరే ఆగుదాం. ఆల్టో రకం శాక్సోఫోన్ మీద జిని షడ్జంగా పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించేవారికి మంద్ర పంచమం డి మీద, శుద్ధ మధ్యమం సి మీద, అంతర గాంధారం బి మీద పడతాయి. బి పలకనివారికి మోహన రాగంలో మంద్ర గాంధారమే ఉండదు కనుక దీన్ని దాటవేయడం నాకు సమ్మతం కాదు.

ముందుగా వాయిద్యాన్ని పరీక్షించండి. డి ఊదుతూ, ఆ వేళ్లు తీయకుండానే, ఎడమచేతి చిటికెన వేలితో జి-షార్ప్ కీ నొక్కండి. నాదం ఏమాత్రమూ మారకూడదు. పలచబడినా, కీచుమన్నా జి-షార్ప్ ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తని బిళ్ల) పైకి లేస్తోందని అర్థం. అడుగు సి-షార్ప్, బి, బి-ఫ్లాట్ కీలలో దేన్ని నొక్కినా జి-షార్ప్ మీట కూడా దానితోపాటు కదులుతుంది. అప్పుడు ఆ ప్యాడ్‌ను మూసి ఉంచవలసింది కుడిచేతి కీల వరుస నుంచి వచ్చే చిన్న కమ్మీ, దాని కొననున్న స్క్రూ మాత్రమే. ఆ స్క్రూ వదులైతే ఎంతటి విద్వాంసుడికైనా బి పలకదు. దాన్ని పిసరంత బిగించి మళ్లీ పరీక్షించండి. ఎక్కువ బిగిస్తే కుడిచేతి ప్యాడ్లు పూర్తిగా మూసుకోక డి కూడా చెడుతుంది.

వాయిద్యంలో లోపం లేదని తేలితే, దోషం దాదాపు ఎప్పుడూ దవడలోనే ఉంటుంది. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చిటికెన వేలు బి కీని అందుకోవడానికి చాచిన క్షణంలో, మనకు తెలియకుండానే చేతి బిగువు భుజానికీ, భుజం నుంచి దవడకూ పాకుతుంది. కింది పళ్లు పెదవిని పైకి నొక్కుతాయి, రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్యనున్న సందు ఇరుకవుతుంది, అడుగు స్వరానికి బదులు దాని పై అనుస్వరం (ఓవర్‌టోన్) పలుకుతుంది. అప్పుడు బలంగా ఊదితే ఆ పై స్వరమే ఇంకా బలపడుతుంది. గట్టి రీడు వేస్తే దాన్ని కదిలించడానికి ఇంకా గట్టిగా కరుస్తారు. కరవడం మానమంటే కొందరు దవడను పూర్తిగా జారవిడుస్తున్నారు, దానితో పెదవుల పక్కల నుంచి గాలి పోతుంది. పెదవుల చుట్టూ పట్టు అన్ని వైపులా సమంగా ఉండాలి, కింది నుంచి పైకి నొక్కు మాత్రమే తగ్గాలి. మీరు కరుస్తున్నారో లేదో తేల్చడానికి, నెక్ (వాయిద్యం పైనుండే వంపు గొట్టం) నుంచి మౌత్‌పీస్ విడదీసి అదొక్కటే ఊదండి. ఆల్టో మౌత్‌పీస్ 880 హెర్ట్‌జ్ ‘ఎ’ (A) స్వరానికి, అంటే ఆరు శ్రుతికి, దగ్గరగా పలకాలి. అంతకు మించి పైకి పోతుంటే కరుస్తున్నట్టే.

రీడు తడపడం, మెడపట్టీ ఎత్తు మీకు తెలిసినవే. వేడెక్కే సాధనను నేను జి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ చేతులకూ పెదవులకూ శ్రమ తక్కువ. తంబురాను ఆరున్నర శ్రుతికి పెట్టుకోండి. ఆల్టో మీద జి పలికేది అక్కడే. ట్యూనర్ ముల్లును చూస్తూ ఊదడాన్ని నేను ప్రోత్సహించను, ముల్లు వెంట చూపు పోయిన కొద్దీ పెదవి బిగుస్తుంది. చలికాలంలో అరచేతులు వెచ్చబెట్టుకోవడానికి ఊదినట్టు, గొంతు తెరిచి, నాలుక తాకించకుండా, వెచ్చని ఊపిరితోనే జిని పలికించండి. అదే ఊపిరి తెగకుండా జి నుంచి డికి దిగండి, తిరిగి జికి రండి. తరువాత జి నుంచి సికి, ఆపైన బికి, చివర బి-ఫ్లాట్‌కు దిగండి. వేళ్లు మారినా నోటిలో ఏదీ మారకూడదు, బి వినిపించే ముందే దవడ బికి సిద్ధమై ఉండాలి.

బి-ఫ్లాట్ నిలకడగా పలికిన తరువాత, అవే వేళ్లతో, ఆక్టేవ్ కీ తాకకుండా, గొంతు మార్పుతో మాత్రమే పై బి-ఫ్లాట్‌నూ దాని పైనున్న ఎఫ్‌నూ పలికించి, తిరిగి అడుగుకు దిగండి. ఎఫ్ నుంచి అడుగుకు కరవకుండా దిగగలిగినవారికి మంద్రంలో నాదం నిండుతుంది.

వచ్చే పాఠం వరకు సాధన ఇది: నాలుక తాకించకుండా, మెల్లగా, అడుగు బి-ఫ్లాట్‌ను వరుసగా పదిసార్లు పలికించాలి. ఒక్కసారి పై స్థాయికి ఎగిరినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇది కుదిరేదాకా పాటలు పక్కన పెట్టండి.