క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చేరుతున్నారా? ఒక్క బండి దొంగతనం కేసు పట్టుకుని చదవండి

ఇంటర్ అయ్యాక క్రిమినాలజీయో క్రిమినల్ జస్టిసో తీసుకుందామనుకునే పిల్లలు ముందు అడిగేది "అన్నా, సెక్షన్లన్నీ బట్టీ పట్టాలా" అని. వద్దమ్మా. ఒక కేసు పట్టుకుని స్టేషన్ నుంచి తీర్పు దాకా దాని వెనకాలే నడవండి, సిలబస్‌లో చాలావరకు దారిలోనే తగులుద్ది.

బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒకాయన బండి పోయిందనుకోండి. 2024 జులై 1 నుంచి దొంగతనం అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303, అంతకుముందు పాత శిక్షాస్మృతి ఐపీసీలో 379, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత సెక్షనే కాబట్టి రెండూ పక్కపక్కన రాసుకోండి. బండి గుంటూరులో పోయినా సరే బెజవాడ స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకునే కేసు) కట్టాల్సిందే, కాపీ ఫ్రీగా ఇవ్వాల్సిందే. ఇది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం) 173, ఇదొక్కటి మటుకు నోటికి రావాలి, రేపు మీ ఇంట్లోవాళ్ళకే అవసరం పడొచ్చు.

నాకు బాగా ఇష్టమైన సబ్జెక్టు సాక్ష్యం. సీసీ కెమెరాలో దొంగ కనపడితే పనైపోయిందనుకుంటాం కదా, కాదు, ఆ ఫుటేజీ కాపీకి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో హ్యాష్ వాల్యూ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఉండాలి, ఫైల్లో ఏ కొంచెం మార్చినా ఆ వాల్యూ మారిపోద్ది. దొంగ పోలీసుల ముందు "నేనే తీశా" అన్నా కోర్టులో చెల్లదు, కానీ ఫలానా చోట పెట్టానని చెప్పి అక్కడ బండి దొరికితే ఆ మాట వరకు చెల్లుద్ది. ఎందుకలా పెట్టారో ఒక పూట కూర్చుని ఆలోచించండి, కొట్టి ఒప్పించొచ్చు గానీ ఎంత కొట్టినా వాడు తీయని బండి వాడికి తెలియని చోట దొరకదు కదా.

అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇలాంటి కేసులో రిమాండైన (కోర్టు కస్టడీకి పంపిన) 60 రోజుల్లో పోలీసులు ఛార్జిషీట్, అంటే దర్యాప్తులో తేలిన నేరారోపణల పత్రం, వేయకపోతే బెయిల్ అతని హక్కు. మనిషి నేరం ఎందుకు చేస్తాడు, బాధితుడికి ఏం మిగులుద్ది, ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) లెక్కలు ఎలా చదవాలి, సిలబస్‌లో ఇవీ ఉంటాయి. కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టే కాదు, జనం ధైర్యంగా స్టేషన్‌కి వస్తున్నా అంకె పెరుగుద్ది.

మీకు సెలవుండి కోర్టు పనిచేసే రోజు చూసుకుని బెజవాడ కోర్టుకో గుంటూరు కోర్టుకో వెళ్ళండి, మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడొచ్చు, ఫోన్ ఆపేసి వెనక బెంచీలో కూర్చుని, రాత్రి ఎన్నింటికి చూశావు, లైటుందా, ఎంత దూరం అని డిఫెన్స్ లాయరు సాక్షిని అడిగేవి రాసుకోండి. వాయిదా పడితే లేచొచ్చేయకండి, ఎందుకు పడిందో అదీ రాసుకోండి.