కెమెరా హబ్ ఆఫ్‌లైన్ అయిందా? రీసెట్ బటన్ జోలికి వెళ్లే ముందు ఇవి చూడండి

యాప్ తెరవగానే కెమెరాలన్నింటి పక్కనా ‘ఆఫ్‌లైన్’ అని కనిపిస్తే, అదీ మీరు ఇంట్లో లేనప్పుడు కనిపిస్తే, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంటికి రాగానే ఎక్కువమంది చేసే మొదటి పని హబ్ (కెమెరాలన్నింటినీ రూటర్‌కి కలిపే చిన్న పెట్టె) వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను దూర్చి రీసెట్ కొట్టడం. దయచేసి ఆ పనిని ఆఖరికి అట్టిపెట్టుకోండి. రీసెట్ చేస్తే చాలా హబ్‌లలో వైఫై వివరాలతో పాటు ఏ కెమెరాలు దానికి జతయ్యాయన్న సమాచారం కూడా చెరిగిపోతుంది. అంటే గోడ మీదున్న ఒక్కో కెమెరా దగ్గరికీ నిచ్చెన వేసుకుని వెళ్లి మళ్లీ కలుపుకోవాలి. లోపం హబ్‌లో కాకుండా వేరేచోట ఉంటే ఇంత చేశాక కూడా అదే ‘ఆఫ్‌లైన్’.

కెమెరా నుంచి హబ్, హబ్ నుంచి రూటర్, రూటర్ నుంచి ఇంటర్నెట్, అక్కడి నుంచి మీ ఫోన్. వీడియో ఈ దారిలోనే వస్తుంది. ఎక్కడ తెగిందో కనిపెడితే సగం పని అయినట్టే.

ముందుగా, ఆగింది ఒక్క కెమెరానా, అన్నీనా? ఒక్కటే అయితే హబ్‌ని అసలు ముట్టుకోకండి, ఆ కెమెరా కరెంటు, బ్యాటరీ, సిగ్నల్ చూసుకోండి. అన్నీ ఒకేసారి పోతే హబ్ దగ్గరో, ఆ పైనో ఏదో జరిగింది. అప్పుడు ఫోన్‌ని అదే వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, ఏదైనా వెబ్‌సైట్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే గొడవ ఇంటర్నెట్‌ది, హబ్‌ని తిట్టుకుని లాభం లేదు. తెరుచుకుంటే ఈసారి వైఫై ఆపి మొబైల్ డేటా మీద యాప్ చూడండి. డేటా మీద కెమెరాలు వచ్చి, ఇంటి వైఫై మీద రాకపోతే హబ్ బాగానే ఉన్నట్టు. ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్) ఆన్‌లో ఉందేమో, ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా ఉండే వైఫైలో) ఉందేమో చూడండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి ఉందో లేదో కూడా చూడాలి.

రెండింటి మీదా రాకపోతే, ఇక చూడాల్సింది హబ్‌కీ రూటర్‌కీ మధ్య. నా అనుభవంలో ఎక్కువ సమస్యలు దొరికేది ఇక్కడే. ల్యాన్ కేబుల్ గుచ్చే చోట సాధారణంగా రెండు చిన్న లైట్లుంటాయి, ఒకటి వెలిగి ఉండాలి, ఒకటి మిణుకుమంటూ ఉండాలి. రెండూ ఆరిపోయి ఉంటే అనుమానం కేబుల్ మీదే. మా ఇంట్లో హబ్ రోజుకి రెండు మూడుసార్లు ఆగిపోయి, దానంతటదే తిరిగి వచ్చేది. పాస్‌వర్డ్ మార్చాను, రూటర్ మార్చాను, రీసెట్ చేసి నాలుగు కెమెరాలూ మళ్లీ కలిపాను, ఫలితం లేదు. చివరికి ఒకరోజు హబ్ వెనక్కి చెయ్యి పెట్టి కేబుల్‌ని వేలితో తాకితే లైటు టప్పున ఆరింది. ప్లగ్ మీద టిక్కుమని పట్టుకునే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. చూడటానికి ప్లగ్ లోపలే ఉంది, కానీ తలుపు గట్టిగా వేసినప్పుడల్లా వెంట్రుకవాసి వెనక్కి జరిగేది. కేబుల్ మార్చాక ఆ బాధ మళ్లీ రాలేదు. అందుకే చెబుతున్నాను, ముందు కేబుల్ మార్చండి, రూటర్‌లో ఇంకో పోర్టులో పెట్టి చూడండి, ఆ తర్వాతే మిగతావి.

అడాప్టర్ కూడా చూడండి. రూటర్‌దీ హబ్‌దీ ఒకే రకం గుండ్రటి పిన్ను ఉంటే సర్దేటప్పుడు తారుమారు కావడం చాలా తేలిక, ఒకటి 12 వోల్టులు, ఇంకొకటి 5 వోల్టులు కావచ్చు. వోల్టులు హబ్ మీద రాసినంతే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు.

కరెంటు పోయి వచ్చాక హబ్ ఆగిపోతుంటే కారణం చాలాసార్లు వరుసే. హబ్ ముందు లేచి, రూటర్ ఇంకా లేవకపోతే దానికి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ రూటర్ ఇచ్చే నంబరు) దొరకదు, కొన్ని హబ్‌లు మళ్లీ అడగకుండా అలాగే ఉండిపోతాయి. రెండింటి ప్లగ్గులూ తీసి, ముందు రూటర్ పెట్టి ఇంటర్నెట్ లైటు నిలకడగా వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి, ఆ తర్వాత హబ్ పెట్టండి. కెమెరాలు తిరిగి కలవడానికి ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండి, మధ్యలో తొందరపడి మళ్లీ ప్లగ్ పీకకండి.

అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. దాని అడ్రస్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, 192.168.0.1 లేదా 192.168.1.1 లాంటిది. కనెక్టయిన పరికరాల జాబితాలో హబ్ కనిపిస్తే ఆ లింకు బాగున్నట్టే. యాప్‌లో హబ్ ఐపీ 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. జాబితాలో హబ్ కనిపించినప్పుడే దానికి ఒక అడ్రస్ రిజర్వ్ చేసిపెట్టండి, ఆ అడ్రస్ ఇంకో పరికరానికి పోయి గొడవ రాదు.

హబ్ వైఫై మీద నడుస్తుంటే, ఈమధ్య పాస్‌వర్డ్ గానీ రూటర్ గానీ మార్చారా అన్నది గుర్తు చేసుకోండి. చాలా హబ్‌లకీ కెమెరాలకీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్‌కి కలవవు. కొత్త రూటర్లలో వైఫై సెక్యూరిటీ (పాస్‌వర్డ్ రక్షణ రకం) డబ్ల్యూపీఏ3 మీద మాత్రమే ఉంటే పాత హబ్ కలవకపోవచ్చు, డబ్ల్యూపీఏ2 పెట్టి చూడండి. అయినా వీలున్నచోట హబ్‌ని కేబుల్ మీదే నడపండి, నేనైతే వేరే ఆలోచనే చేయను.

కెమెరాకీ హబ్‌కీ మధ్య సిగ్నల్ యాప్‌లో అంకెల్లో కనిపిస్తే, మైనస్ 60 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది) దగ్గర ఉంటే హాయిగా నడుస్తుంది, మైనస్ 80 అయితే తెగుతూ ఉంటుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టె, కాంక్రీటు గోడ, ఇవన్నీ సిగ్నల్‌ని మింగేవే. హబ్‌ని రూటర్‌కి ఆనించి పెట్టకుండా కనీసం ఒక మీటరు ఎడం ఇవ్వండి. రూటర్ వైఫై ఛానల్ ఆటోలో ఉంటే 1, 6, 11లో ఏదో ఒకటి స్థిరంగా పెట్టి చూడండి.

రాత్రిపూట మాత్రమే పోయే కెమెరా ఉందా? అది సిగ్నల్ సమస్య కాకపోవచ్చు. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. అడాప్టర్ నీరసించినా, వైరు మరీ పొడవైనా, బ్యాటరీ పాతదైనా అక్కడే చతికిలపడుతుంది. పగలు ఎంత పరీక్షించినా బయటపడదు కాబట్టి చీకట్లోనే చూడాలి.

లైవ్ తెరుచుకుని నాలుగు సెకన్లకే ఆగిపోతుంటే అప్‌లోడ్ వేగం చూడండి, డౌన్‌లోడ్ కాదు. 1080పీ కెమెరా ఒక్కోదానికి సుమారు 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లెక్క వేసుకోండి. సరిపోకపోతే వీడియో క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే అప్పుడు రీసెట్. దానికి ముందు యాప్‌లో సెట్టింగులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, హబ్‌లో కార్డు గానీ డిస్కు గానీ ఉంటే అవసరమైన రికార్డింగులు వేరేచోట దాచుకోండి. కొన్ని హబ్‌లు పాత అకౌంటుకే కట్టుబడి ఉంటాయి, ఆ లాగిన్ చేతిలో లేకుండా రీసెట్ చేస్తే మళ్లీ కలపడం కష్టమవుతుంది.

కెమెరాలు తిరిగి వచ్చాక ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఉండగానే ఒక్కో కెమెరా ముందు నుంచి నడిచి, ఫోన్‌కి అలర్ట్ వచ్చేదాకా అక్కడే నిలబడి చూడండి.