'వెంట్' దగ్గర తడబాటు: లక్షణం, కారణం, దిద్దుబాటు

హనుమకొండలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్తుంటాను. కష్టమైన పదాలు కూడా పలికే పిల్లలు 'గో'కు భూతకాలమైన 'వెంట్' దగ్గర ఆగిపోతుంటే బాధగా ఉంటుంది. ఎక్కువగా వినిపించే తప్పులు, వాటిని దిద్దుకునే దారి ఇవి.

లక్షణం: "ఐ డిడ్ నాట్ వెంట్", "డిడ్ హి వెంట్?"

అన్నిటికన్నా మొండి తప్పు ఇదే. దీనికి మందు మన మాటలోనే ఉంది. "మేడారం పోయినవా?" అని అడిగితే "పోయిన" అంటాం. పోకుంటే "పోలే" అంటాం. "పోయినలే" అని ఎవరైనా అంటారా? 'లే' వచ్చి చేరగానే 'పోయిన'లోని భూతకాలం ఊడిపోయి, ఉత్త 'పో' మిగులుతుంది. 'డిడ్ నాట్' కూడా ఇదే పని చేస్తుంది. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' మోస్తుంది కాబట్టి పక్కన ఉత్త 'గో' చాలు: "ఐ డిడ్ నాట్ గో."

"వచ్చిండు", "రాలే" చూడండి. అక్కడ మాట మొత్తమే మారిపోయింది. 'వెంట్' పోయి 'గో' రావడం మనకు కొత్తేమీ కాదు.

ప్రశ్న దగ్గరికొస్తే మాత్రం తెలుగే తప్పుదారి పట్టిస్తుంది. "పోయిండు"కు దీర్ఘం తగిలిస్తే "పోయిండా?" అయిపోతుంది, భూతకాలం కదలదు. ఆ అలవాటే "డిడ్ హి వెంట్?" అనిపిస్తుంది. అందుకే ప్రశ్నను నేరుగా కట్టొద్దంటాను. ముందు "హి డిడ్ నాట్ గో" అనండి. 'నాట్' తీసేసి 'డిడ్'ను ముందుకు జరపండి: "డిడ్ హి గో?" జవాబులో 'డిడ్' లేదు కాబట్టి 'వెంట్' తిరిగొస్తుంది: "యెస్, హి వెంట్ టు కాజీపేట." "ఎవరు పోయిండ్రు?" అని పోయిన మనిషినే అడిగినప్పుడు 'డిడ్' అవసరం లేదు: "హూ వెంట్?"

లక్షణం: "ఐ వాస్ వెంట్ టు కాలేజ్"

'వాస్' అంటే భూతకాలం గుర్తు అని బట్టీ పట్టడమే కారణం. 'వాస్' అంటే అప్పుడు 'ఉన్నాను' లేదా 'ఉన్నాడు': "ఐ వాస్ ఇన్ వరంగల్." 'వెంట్'లోనే భూతకాలం ఉంది, 'వాస్' తీసేయండి. "పోతుంటే వాన పడ్డది" అనాలంటే అప్పుడు "వాస్ గోయింగ్" కావాలి.

లక్షణం: "ఐ హావ్ వెంట్ ఎస్టర్‌డే"

ఇందులో రెండు తప్పులున్నాయి. 'హావ్', 'హాజ్' పక్కన 'గాన్' రావాలి. నిన్న, పోయిన వారం అని సమయం చెప్తే అసలు 'హావ్' వద్దు: "ఐ వెంట్ ఎస్టర్‌డే." ఇంకో తేడా కూడా పట్టుకోండి. "హి హాజ్ గాన్ టు కరీంనగర్" అంటే పోయిండు, ఇంకా రాలే. పోయి వచ్చిండంటే "హి హాజ్ బీన్ టు కరీంనగర్."

లక్షణం: "గోడ్"

చిన్న పిల్లల నోట వింటే కోప్పడకండి. ఇంగ్లీష్ ఇళ్లల్లో పుట్టిన పిల్లలూ మొదట్లో ఇలాగే అంటారు. 'ప్లే'కు 'ప్లేడ్' లాగే 'గో'కూ 'డ్' తగిలిస్తున్నారంటే నియమం వాళ్లకు ఎక్కిందన్నమాట. అసలు 'వెంట్' పుట్టింది 'గో' నుంచి కాదు. 'వెండ్' అనే వేరే క్రియకు అది భూతకాలం. 'సెండ్, సెంట్', 'బెండ్, బెంట్' వరుసలోనే 'వెండ్, వెంట్'. 'గో'కు పాత ఇంగ్లీష్‌లో ఉన్న భూతకాల రూపం వాడుకలోంచి పోయాక, 'వెంట్' వచ్చి ఆ చోట కూర్చుంది. ఈ కథ చెప్పాక మర్చిపోయిన పిల్లలు నాకు తక్కువ.

లక్షణం: 'వెంట్' అంటే 'వాంట్' అని వినబడడం

'వె' తేలికగా, పొట్టిగా పలకండి, చివర 'వెంటు' అని ఉకారం చేర్చకండి. "వెంట్ టు" అనేటప్పుడు రెండు 'ట'లూ విడివిడిగా వద్దు, నాలుకను ఒక్కసారి ఆపి వదిలితే చాలు. పడుకునే ముందు ఆ రోజు పోయిన చోట్లు మూడు, పోని చోట్లు మూడు పైకే చెప్పండి: "ఐ వెంట్ టు ద మార్కెట్. ఐ డిడ్ నాట్ గో టు ద బ్యాంక్."